రైల్వే డ్యూటీలో మొదటి ఏడాది నిలదొక్కుకోవడం ఎలా

మా మేనల్లుడికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. నాలాగే సిగ్నల్ డిపార్ట్‌మెంట్. ఆర్డరు చేతికి అందిన రోజే ఫోన్ చేసి, "మామయ్యా, నాతో ఏమేం తెచ్చుకోవాలి?" అని అడిగాడు. "రెండు టార్చిలు, మందపాటి కర్టెన్లు" అన్నాను. టార్చిలు సరే, కర్టెన్లు ఎందుకో వాడికి అర్థం కాలేదు. పాయింట్లు (రైలుని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే చోట్లు), ట్రాక్ సర్క్యూట్లు (లైన్లో రైలు ఉందో లేదో చెప్పేవి), రిలే రూముల (సిగ్నళ్లని నడిపే కరెంటు స్విచ్‌లు ఉండే గదులు) మధ్య 27 ఏళ్లు గడిపిన నాకు మాత్రం ముందు గుర్తొచ్చింది అవే. ఆ ఫోన్లో చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. సిగ్నల్ వాళ్లకే కాదు, పట్టాల మీద పనిచేసే గ్యాంగ్ వాళ్లకీ, ఇంజిన్ ఎక్కేవాళ్లకీ, స్టేషన్‌లో కూర్చునేవాళ్లకీ చాలావరకు పనికొస్తాయి.

ముందు ఇంట్లో మాట్లాడుకోండి

రైళ్లు తక్కువగా తిరిగే వేళే పట్టాల మీద పని చేయడానికి వీలవుతుంది. అంటే అర్ధరాత్రి దాటాక, లేదా ఊరంతా సెలవులో ఉన్న రోజున. కాబట్టి నలుగురూ ఇంట్లో ఉన్న రోజున మీరు ఉండరు. ఈ సంగతి చేరిన తర్వాత ఒక్కొక్కటిగా బయటపడే కంటే, చేరకముందే చెప్పేయడం మేలు. రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, రాగానే గోడకి అంటించండి. నైట్లు ఒక రంగు, పగలు ఒక రంగు, రెస్టు ఒక రంగు. మీరు నిద్రపోయే గంటల్లో దేనికి లేపవచ్చు, దేనికి లేపకూడదు అన్నది ఇంట్లో వాళ్లతో కూర్చుని తేల్చుకోండి. మొదటి ఏడాది సగం మంది చుట్టాలకి కోపాలొస్తాయి. రెండో ఏడాదికి వాళ్లే పిలవడం తగ్గిస్తారు. రెండోదే ఎక్కువ బాధగా ఉంటుందని ముందే తెలిస్తే బాగుండేది నాకు.

నిద్ర

రాత్రి ఎనిమిది గంటలు పని చేసి పగలు ఎనిమిది గంటలు పడుకుంటే లెక్క సరిపోతుందని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. సరిపోదు. ఒంట్లో ఉన్న గడియారం రోస్టర్ చూసి తిరగదు, వెలుగు చూసి తిరుగుతుంది. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ఒంటి వేడి తగ్గి, కళ్లు వాటంతట అవే మూతలు పడతాయి. అదే మనిషి పొద్దున్న తొమ్మిదికి పడుకుంటే అయిదు గంటల నిద్రకే మెలకువ వచ్చేస్తుంది. 1997లో అచ్చయిన ఒక పరిశోధనలో, వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనంతో సమానమని తేలింది. తాగి డ్యూటీకి వస్తే ఎవరైనా గేటు దగ్గరే ఆపేస్తారు. నిద్ర లేకుండా వస్తే "పాపం, కష్టపడే మనిషి" అంటారు. ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను నేర్చుకున్న పద్ధతి ఇది. మొదటి నైట్ డ్యూటీకి పొద్దున్నుంచీ మేలుకుని వెళ్లొద్దు. మధ్యాహ్నం గంటన్నర అయినా పడుకోండి, నిద్ర పట్టకపోతే చీకటి గదిలో కళ్లు మూసుకుని ఉన్నా కొంత నయం. తెల్లారి డ్యూటీ దిగాక ఎండ కళ్లలో పడకుండా చలవ కళ్లద్దాలు పెట్టుకోండి. ఆ వెలుగే ఒంటికి "తెల్లారింది, లే" అని చెప్పేది. నేరుగా ఇంటికి వచ్చి పడుకోండి. దారిలో బ్యాంకు పని, బిల్లుల పని అంటూ తిరిగితే పది దాటుతుంది, ఇక నిద్ర రాదు. గదిలో కర్టెన్లు వేస్తే మధ్యాహ్నం రెండింటికి కూడా చెయ్యి ముందు పెట్టుకుంటే కనబడకూడదు, అంత చీకటి ఉండాలి. ఫోన్లో డ్యూటీ నంబర్లకి తప్ప మిగతావాటికి మోత తీసేయండి. పడుకునే వేళకి ఆరు గంటల ముందే టీ, కాఫీ ఆపేయండి. నైట్లో నాలుగింటికి తాగిన కప్పు మిమ్మల్ని ఆ నాలుగింటికీ ఆదుకుంటుంది, పొద్దున్న తొమ్మిదింటికీ మేలుకునేలా చేస్తుంది.

విరామంలో కునుకు తీయడానికి రూలు ఒప్పుకునే చోట 20 నిమిషాలకి అలారం పెట్టుకోండి. గంట పడుకుంటే లేచాక మొద్దుగా ఉంటుంది. ఎంత పడుకున్నా సరే, లేచిన మొదటి పావుగంటలో పెద్ద నిర్ణయం తీసుకోవద్దు, పాయింటు మీద చెయ్యి వేయొద్దు. మొహం కడుక్కోండి, మీ పేరు, స్టేషన్ పేరు, ఇప్పుడు చేయబోయే పని పైకి అనుకోండి. నవ్వొస్తుంది కానీ, మాట తడబడుతోందంటే చెయ్యి కూడా తడబడుతుందని అర్థం.

ఓవర్‌టైమ్ గురించి ఒక మాట. కొత్తలో అందరికీ ఆశ ఉంటుంది, పైగా మనుషులు తక్కువ ఉన్న చోట "ఈ ఒక్క ఆదివారం" అంటూ అడుగుతారు. 1988 డిసెంబర్ 12న లండన్‌లోని క్లాపమ్ జంక్షన్ దగ్గర మూడు రైళ్లు ఢీకొని 35 మంది చనిపోయారు. దానికి రెండు వారాల ముందు రిలే రూములో వైర్లు మార్చిన టెక్నీషియన్ ఒక పాత వైరుని ఒక చివర ఊడదీసి, కత్తిరించకుండా, కొసకి చుట్టకుండా వదిలేశాడు. ప్రమాదం ముందు రోజు పక్కనే ఇంకో పని జరిగినప్పుడు ఆ వైరు కదిలి, పాత టెర్మినల్‌కి (వైరు బిగించే చోటుకి) తగిలింది. ఎర్రగా మారాల్సిన సిగ్నల్ మారలేదు. ఆ టెక్నీషియన్ అంతకుముందు 13 వారాల్లో తీసుకున్న సెలవు ఒక్క రోజు. ఆంథొనీ హిడెన్ చేసిన విచారణ అతన్ని ఒక్కడినే తప్పుపట్టి ఊరుకోలేదు. అలా వైర్లు వదిలేయడం అతనికి ఏళ్ల తరబడి అలవాటని, ఎవరూ దిద్దలేదని, పని అయ్యాక వేరే మనిషి వచ్చి వైర్లు లెక్కపెట్టి చూడాల్సి ఉండగా చూడలేదని తేల్చింది. ఆ తర్వాతే అక్కడ పని గంటలకి గట్టి హద్దులు వచ్చాయి.

మన పనిలో ఇది ఎందుకంత భయంకరమో చెప్తాను. 1872లో విలియమ్ రాబిన్సన్ అనే అమెరికన్ పేటెంట్ తీసుకున్న ట్రాక్ సర్క్యూట్‌లో ఉపాయం చాలా తేలిక. రెండు పట్టాల గుండా కొద్దిపాటి కరెంటు పారుతూ చివర్లో ఒక రిలేని పట్టుకుని ఉంచుతుంది. రైలు వచ్చిందంటే చక్రాలు, ఇరుసు కలిసి ఆ కరెంటుని మధ్యలోనే దారి మళ్లిస్తాయి. రిలే కింద పడుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. బ్యాటరీ అయిపోయినా, వైరు తెగినా, పట్టా పూర్తిగా విరిగి విడిపోయినా వచ్చేది ఎరుపే. అంటే వస్తువు చెడితే రైలు ఆగుతుంది, అంతే. రాకూడని చోటికి కరెంటు వస్తేనే లేనిపోని పచ్చ వెలుగుతుంది, అది రావడానికి దాదాపు ఎప్పుడూ ఒక మనిషి చెయ్యి కావాలి. నిద్రలేని చెయ్యి, తొందరలో ఉన్న చెయ్యి.

పట్టాల మీద నడక

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకి దాదాపు 28 మీటర్లు వస్తుంది. ఈ ఒక్క లెక్క నోటికి రావాలి. పనిముట్లు తీసుకుని పక్కకి జరగడానికి మీకు పది సెకన్లు పడుతుందనుకుందాం. రైలు దాటడానికి ఇంకో పది సెకన్ల ముందే సురక్షితమైన చోట నిలబడి ఉండాలి. మొత్తం 20 సెకన్లు, అంటే 560 మీటర్ల దూరంలోనే రైలు మీ కంటపడాలి. ముందు వంపు ఉండి అంత దూరం కనబడకపోతే, రైలొస్తోందా అని చూసి హెచ్చరించే లుకౌట్ మనిషి లేకుండా అడుగు పెట్టొద్దు. లుకౌట్‌గా నిలబడ్డ మనిషికి అదొక్కటే పని. "కాస్త ఈ స్పానర్ పట్టుకో" అని అతన్ని పిలిచారంటే ఆ క్షణం నుంచి మీకు లుకౌట్ లేనట్టే.

"చప్పుడు వినబడుతుందిలే" అనే మాట నమ్మొద్దు. ఎదురు గాలిలో ఎలక్ట్రిక్ రైలు దగ్గరికి వచ్చేదాకా తెలియదు. మన చేతిలోని మెషిన్ మోతే మనల్ని చెవిటివాళ్లని చేస్తుంది. 2019 జులైలో వేల్స్‌లోని మార్గమ్ దగ్గర పాయింట్ల మీద పని చేస్తున్న ఇద్దరిని రైలు ఢీకొట్టింది. పెట్రోలు మెషిన్ మోత మధ్య వాళ్లకి రైలు హారన్ వినబడలేదు, కాపు కాసే లుకౌట్ లేడు. కాబట్టి సంచి దించకముందే చుట్టూ చూసి, రైలొస్తే ఏ పక్కకి వెళ్తానో తేల్చుకోండి. పక్క లైను ఆ చోటు కాదు. ఒక రైలు వెళ్లిపోయిందని వెంటనే అడుగు వేయొద్దు, దాని వెనకాల రెండో లైన్లో ఇంకోటి దాక్కుని వస్తుంది. నా కళ్లముందే ఒక గ్యాంగ్‌మన్ తోటివాడి కాలరు పట్టి వెనక్కి లాగాడు. ఆ కాలరు చిరిగింది. చొక్కా పాడుచేశావని అతను తిట్టాడు, తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కాళ్ల సంగతి. పట్టా తల మీద కాలు పెట్టకండి, వానలో, మంచులో అది సబ్బులా ఉంటుంది. దాటి వెయ్యండి. కంకర మీద చీలమండకి పట్టు ఇచ్చే బూట్లు కావాలి. పాయింట్ల దగ్గర అటూ ఇటూ కదిలే నాలుక పట్టాకీ పక్క పట్టాకీ మధ్య కాలు అసలు పెట్టొద్దు. దాన్ని కదిపేవాడు ఎక్కడో దూరంగా ప్యానెల్ (పాయింట్లు, సిగ్నళ్లు నడిపే బోర్డు) ముందు కూర్చుని ఉంటాడు, మీరు అక్కడున్నట్టు అతనికి తెలియదు. మోటారు మీకు చెప్పి కదలదు. ఇక దూరంగా ఉన్న తోటివాణ్ని పిలవడానికి రెండు చేతులూ గట్టిగా ఊపకండి. డ్రైవర్ దృష్టిలో అది రైలు ఆపమన్న సైగ.

నా మొదటి నెలలోనే ఒక ఘనకార్యం చేశాను. పట్టాల మధ్య వెడల్పు కొలవమంటే ఇనుప టేపు తీసి రెండు పట్టాల మీదా అడ్డంగా పరిచాను. పైన ట్రాక్ సర్క్యూట్ గురించి చెప్పింది గుర్తుంది కదా? నా టేపే రైలు ఇరుసు అయింది. రిలే పడింది, సిగ్నల్ ఎర్రబడింది, నిజంగా వస్తున్న రైలు ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, కంట్రోల్ (రైళ్ల రాకపోకలు చూసే ఆఫీసు) నుంచి వచ్చిన ఫోను మోత ఇంకా చెవిలో ఉంది. గేజ్ కొలవడానికి ఇన్సులేషన్ ఉన్న పనిముట్టు వేరే ఉంటుంది. దాన్ని అడిగి తీసుకోండి. చేతి గడియారం, ఉంగరం, మెడలో గొలుసు డ్యూటీకి ముందే తీసి పెట్టేయండి.

వేలు చూపించి, పైకి చెప్పండి

జపాన్‌లో రైలు డ్రైవర్ సిగ్నల్ వైపు వేలు చూపించి, అది ఏ రంగులో ఉందో గట్టిగా పలుకుతాడు. చూసేవాళ్లకి నాటకంలా ఉంటుంది. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ ఒక తేలికపాటి పనితో పరీక్ష పెట్టింది. ఊరికే చేసినప్పుడు వంద పనులకి 2.38 తప్పులు వచ్చాయి, వేలు చూపించి పైకి చెప్తూ చేసినప్పుడు 0.38 వచ్చాయి. దాదాపు 85 శాతం తగ్గినట్టు.

నేను దీన్ని ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక రాత్రి రిలే రూములో ఒక వైరు మార్చి, టెస్టు చేసి, రిజిస్టర్‌లో రాసి, తాళం వేసి బయల్దేరాను. సగం దారిలో, టెర్మినల్ నట్టు బిగించానా లేదా అన్న సందేహం వచ్చింది. ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. చెయ్యి అలవాటు కొద్దీ చేసిన పనిని మనసు దాచుకోదు. వెనక్కి వెళ్లాను. మళ్లీ పర్మిషన్, మళ్లీ తాళం, మళ్లీ రిజిస్టర్. నట్టు బిగించే ఉంది. అంతా కలిపి గంటన్నర పోయింది, అప్పటి మా సూపర్‌వైజర్ "నీకు చాదస్తం" అన్నాడు. సంతకం పెట్టింది నేను, అతను కాదు కాబట్టి ఊరుకున్నాను. ఆ మర్నాటి నుంచి ప్రతి నట్టు మీదా వేలు పెట్టి "ఏడో నంబరు, బిగించాను" అని పైకి అనడం మొదలుపెట్టాను. మొదట్లో తోటివాళ్లు వెక్కిరించారు. ఏడాది తర్వాత ఇద్దరు నాలాగే చేస్తున్నారు, అయితే గొంతు తగ్గించి.

ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా ఇదే పద్ధతి. అవతలివాళ్లు చెప్పింది మీరు తిరిగి చెప్పండి, వాళ్లు "అవును" అనేదాకా కదలకండి. "పన్నెండు బి పాయింట్" అన్నది "ఇరవై రెండు బి"లా వినబడే రాత్రులు ఉంటాయి. "ఆ పాయింట్", "ఇందాకటి లైను" లాంటి మాటలు డ్యూటీలో వాడొద్దు. నంబరు చెప్పండి.

ఫెయిల్యూర్ వచ్చిన రాత్రి

ఉద్యోగం అసలు రంగు బయటపడేది ఇక్కడే. పాయింట్ లాక్ కావడం లేదని ఫోన్ వస్తుంది. మీరు వెళ్లి వంగి చూసేలోపు రైళ్లు ఆగిపోతాయి. కంట్రోల్ వాళ్లు ప్రతి అయిదు నిమిషాలకీ "ఎంతసేపు?" అని అడుగుతారు. వాళ్ల మీద ఇంకొకరు, వాళ్ల మీద మరొకరు ఉంటారు. టెన్షన్ అంతా పైనుంచి జారుకుంటూ వచ్చి టార్చి పట్టుకున్న మీ చేతి దగ్గర ఆగుతుంది.

మొదట చేయాల్సింది, పని మొదలుపెడుతున్నానని స్టేషన్ మాస్టర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, అతను ఒప్పుకున్నాకే చెయ్యి వేయడం. రెండోది, ఎంతసేపని అడిగితే ఊహించి చెప్పకపోవడం. "ఇంకా కారణం తెలియలేదు, 15 నిమిషాల్లో నేనే ఫోన్ చేస్తాను" అనండి, చెప్పిన టైముకి నిజంగా చేయండి. అప్పుడు మధ్యలో ఫోన్లు తగ్గుతాయి. మూడోది, ముందు కళ్లతో చూడడం. మీటరు తీయకముందే నాలుక పట్టా పొడవునా టార్చి వేసి నడవండి. నేను చూసిన పాయింట్ ఫెయిల్యూర్లలో చాలావాటికి కారణం మధ్యలో ఇరుక్కున్న కంకర రాయే. ఒకసారి పాత తాళంచెవి దొరికింది, అది ఎవరిదో, అక్కడికెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

నాలుగోది చాలా ముఖ్యం. గంట దాటాక ఎవరో ఒకరు "ఏదో ఒకటి చేసి ముందు ఈ రైలుని పంపించు, తర్వాత చూసుకుందాం" అంటారు. దాని అర్థం రిలేకి బయటినుంచి ఒక ముక్క వైరుతో కరెంటు ఇవ్వమని. క్లాపమ్‌లో పొరపాటున జరిగింది మనం కావాలని చేయడమన్న మాట. "రాసి ఇవ్వండి" అనండి. మర్యాదగా, గొంతు పెంచకుండా. నా సర్వీసులో ఆ మాట నాలుగైదుసార్లు అన్నాను, ఒక్కరూ రాసి ఇవ్వలేదు. దానివల్ల ఒకసారి నచ్చని చోటికి బదిలీ అయ్యాను కూడా. అది జరుగుతుందని తెలిసే అనాలి.

ఆలస్యం అంటే భయం మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో 2005 ఏప్రిల్ 25న జపాన్‌లోని అమగసాకిలో లోకం చూసింది. 23 ఏళ్ల డ్రైవర్ అంతకుముందు స్టేషన్‌లో ఆగాల్సిన చోటు దాటిపోయాడు. రైలు ఆలస్యం నిమిషంన్నర కూడా లేదు. తప్పు చేసిన డ్రైవర్లని రోజుల తరబడి కూర్చోబెట్టి అవమానించే శిక్ష అక్కడ ఉండేది, అది అతను అప్పటికే ఒకసారి చవిచూశాడు. తన పొరపాటు గురించి గార్డు కంట్రోల్‌కి ఏం చెప్తున్నాడో వింటూ, బ్రేకు సంగతి మరిచిపోయి ఉంటాడని విచారణలో తేలింది. 70 కిలోమీటర్ల వేగ పరిమితి ఉన్న వంపులోకి రైలు 116తో వెళ్లింది. డ్రైవర్‌తో కలిపి 107 మంది పోయారు. ఈ సంగతి కొత్తవాళ్లకి చెప్పినప్పుడల్లా నేను అడిగేది ఒకటే: తప్పు జరిగిన వెంటనే మీరు దేని గురించి ఆలోచిస్తారు? చేతిలో ఉన్న పని గురించా, రేపు ఆఫీసులో ఏమంటారన్న దాని గురించా? తప్పు జరిగితే వెంటనే ఉన్నదున్నట్టు చెప్పేయండి, తర్వాత మనసు పనిమీద ఉంటుంది.

ఎండలు, వానలు

ఎండాకాలం పట్టాలు పెరుగుతాయి. ఉక్కు పట్టా ఒక కిలోమీటరు పొడవు ఉండి, వేడి 40 డిగ్రీలు పెరిగి, కదలడానికి వీలుంటే 46 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. వెల్డింగ్ చేసిన పట్టాకి ఆ వీలు లేదు కాబట్టి ఆ బలమంతా లోపలే ఉండి, కంకర పట్టు వదిలిన చోట పక్కకి వంగుతుంది. ఎండవేళ కంకర కదిపే పని పెట్టుకోకపోవడానికి కారణం ఇదే. వానాకాలం మాకు రైలు లేకపోయినా ట్రాక్ సర్క్యూట్లు ఊరికే పడి, రైలు ఉన్నట్టు చూపిస్తాయి. ఎక్కువ రోజులు రైలు తిరగని లైన్లో పట్టా తుప్పు పడితే దానికి వ్యతిరేకం జరుగుతుంది, రైలు ఉన్నా లేనట్టు చూపించవచ్చు. తుప్పు లైన్‌ని అనుమానంగా చూడండి.

సీనియర్లు

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చెవి. మోటారు తిరిగే చప్పుడు విని "దీనికి గ్రీజు పెట్టి ఎన్నాళ్లయింది?" అనేవాళ్లు ఉంటారు. వాళ్ల వెంట తిరగండి. నేర్చుకోకూడనిది "నేను ముప్పై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నా" అనే మాట. ఎవరి వెనక తిరిగినా జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, టైము, నంబరు, చేసిన పని రాసుకోండి. రెండేళ్ల తర్వాత విచారణలో కూర్చున్నప్పుడు జ్ఞాపకాన్ని ఎవరూ నమ్మరు, మీరు కూడా.

ఒక కష్టమైన సంగతి

ఎవరూ ట్రైనింగ్‌లో సరిగ్గా చెప్పరు కాబట్టి చెప్తున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకసారి రైలు కింద పడ్డ మనిషిని చూడాల్సి రావచ్చు. డ్రైవర్లకైతే అది మరీ దారుణం. 100తో వెళ్తున్న రైలు ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుంది, చేతిలో ఏమీ లేదని తెలిసీ చూస్తూ ఉండాలి. అలాంటి రోజు అవసరానికి మించి చూడకండి, దగ్గరికి వెళ్లాల్సిన పని లేకపోతే వెళ్లకండి. ఆ షిఫ్టు పూర్తి చేస్తానని మొండికేయొద్దు, రిలీఫ్ అడగండి. ఇంటికి వెళ్లాక ఒక్కరికైనా జరిగింది మామూలు మాటల్లో చెప్పండి. నెల దాటినా అదే దృశ్యం కలలోకి వస్తున్నా, ఆ చోటికి వెళ్లాలంటే ఒళ్లు వణుకుతున్నా డాక్టర్‌ని కలవండి. నేను కలిశాను, మూడేళ్లు ఆలస్యంగా.

నిన్న మేనల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. రోస్టర్ వచ్చిందట. మొదటి వారమే నైట్లు. బూట్లు కొన్నాడు, టార్చిలు కొన్నాడు, నోట్‌బుక్ కూడా కొన్నాడు. "మరి కర్టెన్లో?" అన్నాను. "ఆదివారం చూద్దామనుకుంటున్నా మామయ్యా" అన్నాడు. నైట్లు శనివారం నుంచే.